ఆశమ్మ వెనుక ఎవరున్నారు?

కుసుమంచి మండలంలో జనవరి వచ్చి మిరప ఏరుడు మొదలైందంటే మా ఆశా కార్యకర్తల రిజిస్టర్లకూ ఊళ్లో ఉన్న మనుషులకూ పొంతన తప్పుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి, సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ట్రాలీల్లో, ఆటోల్లో వచ్చి దిగుతారు. చేను గట్టున పరదాలు కట్టుకుని కోతలు అయ్యేదాకా ఉంటారు. వాళ్లలో నెలలు నిండుతున్న ఆడవాళ్లుంటారు, చంటిబిడ్డను చెట్టుకు కట్టిన జోలెలో వేసి సాళ్లలోకి దిగే తల్లులుంటారు, చలిజ్వరంతోనే కాయ ఏరేవాళ్లుంటారు. వాళ్ల పేర్లు ఈ ఊరి రిజిస్టర్‌లో ఉండవు. సొంతూరి రిజిస్టర్‌లో ఉన్నా ఆ ఊరి ఆశమ్మ ఇక్కడ లేదు.

మరి ఆ పరదాల దగ్గరికి ఎవరు పోవాలి? పోయేది మా ఊరి ఆశమ్మే. పొద్దున తన ఇళ్ల పని ముగించుకుని, సాయంత్రం కూలీలు కాటా పెట్టే వేళకు చేను దగ్గరికి పోతుంది. తల్లీబిడ్డ కార్డు తెచ్చుకున్నారా అని అడుగుతుంది. కార్డు ఉంటే సగం గండం గడిచినట్టే: ఎన్నో నెల, రక్తం ఎంతుంది, ధనుర్వాతం సూది పడిందా, అన్నీ అందులో ఉంటాయి. లేకపోతే మొదటి నుంచి అడగాలి. ఆమె అడిగేది తెలుగులో, వాళ్లు చెప్పేది కోయలో. మధ్యలో రెండూ వచ్చిన మేస్త్రీ. ఆడవాళ్ల సంగతులు మేస్త్రీ ముందు ఎవరు చెబుతారు?

నేను 1986లో దుమ్ముగూడెం మండలంలో ఏఎన్‌ఎంగా చేరాను. చేరిన కొన్ని నెలలకే, ఆ ఆగస్టులో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. తర్వాత ఈ వైపు బదిలీ అయి, సూపర్‌వైజర్‌నై, 2024లో కుసుమంచిలోనే రిటైరయ్యాను. అడవి అంచున ఉద్యోగం మొదలుపెట్టి పాలేరు కాలువ కింద ముగించిన దాన్ని కాబట్టి రెండు వైపులా పల్లె వైద్యం ఎవరి కాళ్ల మీద నడుస్తుందో చూశాను. డాక్టర్లు రావాలి, భవనాలు కట్టాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినందుకు సంతోషించాను. అయితే పల్లెలో రోగి దగ్గరికి ముందు చేరేది డాక్టర్ కాదు. ఆశమ్మ, అంగన్‌వాడీ టీచరమ్మ, ఏఎన్‌ఎం, వీళ్లందరికంటే ముందు ఆ ఇంటి కోడలో కూతురో. వీళ్లకు ఒకసారి శిక్షణ ఇచ్చి, కిట్టు చేతికిచ్చి పంపితే పని అయిపోయిందనుకుంటున్నాం. శిక్షణ తర్వాత ఎవరు వెనుక నిలబడతారన్న దాని మీదే అంతా ఉంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది అది చెప్పడానికే.

ఆశా పథకం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. వెయ్యి జనాభాకు ఒకరు, ఆ ఊరి కోడలై ఉండాలి, ఊరే ఎంచుకోవాలి అన్నారు. మొదట్లో విడతలుగా 23 రోజుల శిక్షణ. దీనికి మూడేళ్ల ముందే, 2002లో, మన పక్క ఛత్తీస్‌గఢ్‌లో 'మితానిన్' పేరుతో ఆవాసానికొక స్త్రీని తయారుచేయడం మొదలుపెట్టారు. అంతకుముందే 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో అరోలే దంపతులైన డాక్టర్లు చదువురాని పల్లె స్త్రీలకు వైద్యం నేర్పి చూపించారు. తెలుగునాట నెల్లూరు ప్రజా వైద్యశాలలో కమ్యూనిస్టు నేత సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ఎందరో యువకులకు పని నేర్పి పల్లెలకు పంపారు. కాబట్టి పల్లె మనిషికి నేర్పితే వస్తుందా అన్న సందేహం తీరి చాలా కాలమైంది.

ఇందులో నాకు బాగా పట్టింది గడ్చిరోలి కథ. మన ఆసిఫాబాద్, భూపాలపల్లి సరిహద్దు దాటితే వచ్చేదే గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 39 ఊళ్లలో పల్లె స్త్రీలకు పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. పుట్టిన బిడ్డకు ఊపిరి అందకపోతే ఏం చేయాలో, చీము పట్టి ఒళ్లు చల్లబడుతుంటే సూది ఎలా వేయాలో కూడా నేర్పారు. నెల లోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. ఈ 62 శాతాన్ని అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది వేరు: పదిహేను రోజులకోసారి ఒక డాక్టర్ ఆ ఊరికి వచ్చి, ఆమె రాసిన పుస్తకం చూసి, తప్పులు దిద్ది, మళ్లీ నేర్పి పోయేవారు. వైద్యం ఆమె చేతే చేయించేవారు. ఆమెకు ధైర్యం అక్కడి నుంచి వచ్చింది.

మన ఆశాలు చేసే బాలింత ఇంటి సందర్శనలు ఆ గడ్చిరోలి పనిలోంచి పుట్టినవే. ఆసుపత్రిలో కాన్పయితే మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలు.

ఆ 250 రూపాయలకు ఆమె చేసేదేమిటో చాలామంది దగ్గర నుంచి చూసి ఉండరు. చెప్పులు గడప బయట విడిచి, వాచీ తీసి, గాజులు పైకి తోసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. చేతులు గాలికే ఆరాలి, కొంగుకు తుడిస్తే కడిగినా కడగనట్టే. ముందు తల్లిని పలకరిస్తుంది. గుడ్డలు రోజుకెన్ని మారుస్తున్నావు, వాసనుందా, తల తిరుగుతోందా, పాలు గట్టిపడ్డాయా? అత్త పక్కనుంటే ఆ పిల్ల అన్నిటికీ తలూపుతుంది. అందుకే తెలివైన ఆశమ్మ అత్తను వేడినీళ్లకో, బిడ్డ గుడ్డలకో పంపి అప్పుడు అడుగుతుంది. తర్వాత బిడ్డ. చంకలో థర్మామీటర్. తర్వాత ఊపిరి లెక్క. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకి తీసి, పొట్ట మీద చూపు నిలిపి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెండింతలు వేయకూడదు. పచ్చిబిడ్డ ఊపిరి ఒకసారి గబగబా వస్తుంది, ఒకసారి ఆగినట్టుంటుంది. అరవై దాటితే మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ దాటితే, డొక్కలు ఎగరేస్తుంటే, ఇక ఆగేది లేదు, దవాఖానే. చివరికి తూకం. ఖాళీ సంచి తగిలించి ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుని, అప్పుడు బిడ్డను వేయాలి. రెండున్నర కిలోల లోపు ఉంటే ఆ ఇంటికి ఇంకా ఎక్కువసార్లు పోవాలి. పేదింట్లో, చీకటి గదిలో, చుట్టూ చుట్టాలు మూగి ఉండగా ఆ ముల్లు సరిగ్గా చదవడం చేయి తిరిగితేనే వచ్చే పని.

ఇలాంటి పని నేర్చిన మనిషి మధ్యలో ఎందుకు మానేస్తుంది? నేను చూసినంతలో పని భారానికి మానేసిన వాళ్లు తక్కువ. ఒంటరిదాన్నని అనిపించి మానేసిన వాళ్లే ఎక్కువ. మా మండలంలో ఒక తండా ఆశమ్మ అర్ధరాత్రి నొప్పులు పడుతున్న పిల్లను తీసుకుని పెద్దాసుపత్రికి పోయింది. లోపలికి పోబోతే, "నువ్వెవరు, బయట కూర్చో" అన్నారు. పిల్లకు రక్తం తక్కువని, మొదటి కాన్పులో ఫిట్స్ వచ్చాయని చెప్పాల్సిన మనిషి వరండాలో నేల మీద కూర్చుంది. తెల్లారి నాకు ఫోన్ చేసి, "మేడం, నా మాట ఎవ్వరూ వినకపోతే నేను ఎందుకు పోవాలె?" అంది. తల్లీబిడ్డా బాగానే ఇల్లు చేరారు. కానీ ఆమె నెల రోజులు రాత్రి పిలుపులకు పోలేదు. మర్నాడే నేను ఆ ఆసుపత్రికి వెళ్లి లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడాను. అప్పటి నుంచి మా మండలం ఆశాలు ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకుని పోయేవాళ్లు: ఎన్నో కాన్పు, రక్తం ఎంత, బీపీ ఎంత, పోయినసారి ఏమైంది. చీటీ చూపిస్తే లోపలికి రానిచ్చేవాళ్లు. సూపర్‌వైజర్ పని రిజిస్టర్ల మీద సంతకాలు పెట్టడం ఒక్కటే కాదు, ఇది కూడా.

డబ్బు సంగతీ చెప్పాలి, దాచాల్సిన పని లేదు. ఆశా అంటే జీతం లేని వాలంటీర్ అని మొదలైంది. చేసిన పనికి ముక్కల లెక్కన పారితోషికం. తెలంగాణలో 2015లో ఆశాలు వంద రోజులు దాటి సమ్మె చేశారు. తర్వాత విడతలుగా పెంచగా నెలకు 9,750 రూపాయల దాకా వచ్చింది. నెలకు 18,000 స్థిరంగా ఇవ్వమన్నది వాళ్ల డిమాండు. అది న్యాయమైనదని సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఆ వార్త ఫోన్లో చూపిస్తే మా వాళ్లు మురిసిపోయారు. అదే వారం ఒకామె టీబీ రోగికి గోళీలు ఇవ్వడానికి ఎండలో రెండు తండాలు తిరిగి, సెల్‌ఫోన్‌కు రీచార్జ్ లేక ఆన్‌లైన్‌లో ఎక్కించలేకపోయింది.

ఆశమ్మకు తన ఊరు ఎంత బాగా తెలుసో 2024 సెప్టెంబరు 1న చూశాం. పాలేరు ఉప్పొంగి నాయకన్‌గూడెం వైపు ఇళ్లూ రోడ్డూ నీళ్ల పాలైన రోజు అది. ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంది, ఎవరికి రోజూ ఇన్సులిన్ కావాలి, మంచం మీదున్న ముసలివాళ్లు ఎక్కడున్నారు అన్నది ఏ ఆఫీసు కంప్యూటర్‌నూ అడగనక్కర్లేదు. ఆశమ్మల నోటికి వచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు అక్కడి ఊళ్లలోనూ ముందు కదిలింది ఇలాంటి నోటి లెక్కలతోనే.

దుమ్ముగూడెం రోజుల్లో నాకు పని నేర్పింది ఒక కోయ మంత్రసాని. శిక్షణ సర్టిఫికెట్ నా దగ్గరుండేది, చేయి ఆమెది. గొంతుక్కూర్చున్న తల్లి వెనుక మోకాళ్లతో ఆనుకుని, నడుం ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు ఏమీ చేయకుండా ఊరుకోవాలో ఆమెకు తెలుసు. అప్పట్లో మంత్రసానులకు కొత్త బ్లేడు, దారం, సబ్బు ఉన్న కిట్లిచ్చి శిక్షణ ఇచ్చేవాళ్లం. తర్వాత కాన్పులన్నీ ఆసుపత్రిలోనే అన్నారు. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. రక్తం కారిపోయి దారిలోనే పోయిన తల్లుల్ని చూసిన దాన్ని, ఇంటి కాన్పులు మళ్లీ రావాలని నేను అనను. కానీ మంత్రసానిని ఒక్కసారిగా పక్కన పెట్టేశాం. ఆసుపత్రిలో కాన్పు వేళ తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్రం 2016లో చెప్పింది. అడవి ఊళ్ల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వచ్చే పిల్లకు ఆ తోడు తన భాష మాట్లాడే మంత్రసాని అయితే, సగం భయం అక్కడే తగ్గుతుంది. ఆ ఆసుపత్రికి మూడు రాష్ట్రాల వాళ్లు వస్తారు. 2014లో ఆంధ్రాలో కలిసిన చింతూరు, కూనవరం, వీఆర్‌పురం జనానికీ అదే దిక్కు. 2021 నవంబరులో అప్పటి జిల్లా కలెక్టర్ భార్య కూడా అక్కడే ప్రసవించారని విని నర్సులంతా పొంగిపోయారు.

ఇంకో వైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్ద ఆపరేషన్లే. ఓపికగా పక్కన కూర్చుని సుఖప్రసవం చేయించే చేతులు తగ్గిపోయాయి. ఆ లోటు తీర్చడానికే, ఆ సర్వేకు ముందే, 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. దేశంలోకెల్లా ముందడుగు అది. అలాంటి శిక్షణకు కోయ, లంబాడీ ఆడపిల్లల్ని ఎక్కువగా పంపితే, ముగించి తిరిగొచ్చాక వాళ్లను సొంత ప్రాంతంలోనే వేస్తే, ఆ ఫలం మాకందుతుంది. పట్నం నుంచి వచ్చిన వాళ్లు బదిలీ కోసం చూస్తారు. తండా పిల్లకు ఇల్లు ఇక్కడే.

ఇక ఏ జీతం లెక్కలోనూ లేని మనిషి గురించి. రిటైరయ్యాక మా వీధిలోనే ఒక కోడలు నా దగ్గరికొచ్చింది. వాళ్ల మామకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. "ఎంత కడిగినా వాసన పోతలేదక్కా, వీపు చూస్తే భయమైతుంది" అంది. పోయి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత పుండు, అంచులు నల్లబడుతున్నాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు గోళీల చీటీ ఇచ్చారు. మనిషిని ఎలా పక్కకు తిప్పాలో చెప్పలేదు. ఆమె ఒక్కతే ఆయన పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి తిప్పుతోంది. అలా లాగితే భుజం కీలు జారుతుంది.

పాత నూలు దుప్పటిని నాలుగు మడతలేసి భుజాల నుంచి తొడల దాకా ఆయన కింద పరిపించాను. మనిషిని లాగకూడదు, దుప్పటిని లాగాలి. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. తినిపించేటప్పుడు కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, పనిచేసే బుగ్గ వైపు చిన్న చెంచాతో పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు, లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంది. డిగ్రీ చదివిన వాళ్లకంటే బాగా చేస్తుంది. ఏఎన్‌ఎం వచ్చి కట్టు కట్టింది, పుండు మానుముఖం పట్టింది.

ఆ ఇంటి లెక్క చూడండి. ముసలాయన పేరున ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తుంది. ఆమె మిరప ఏరడానికి పోవడం మానేసింది, ఆ కూలి పోయింది. రాత్రి రెండు గంటలకోసారి లేస్తుంది. ఆమెకు బీపీ చూసిన వాళ్లు లేరు. నేను చూస్తే ఎక్కువే ఉంది. కేరళలో మంచం పట్టిన వాళ్లను చూసుకునే మనిషికే 'ఆశ్వాసకిరణం' పేరుతో నెలకు 600 రూపాయలు ఇస్తారు. చిన్న మొత్తమే. కానీ సర్కారు పుస్తకంలో ఆ మనిషి పేరు ఎక్కింది. అక్కడే 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన నొప్పి నివారణ క్లినిక్ తర్వాత ఊరూరా వాలంటీర్ల బృందాలుగా మారింది. నర్సుతో పాటు ఇరుగుపొరుగు వాళ్లే వెళ్లి మంచం మీదున్న మనిషిని చూసొస్తారు. తెలంగాణలోనూ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికొచ్చే 'ఆలన' వాహనాలు వచ్చాయి. క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఇంటికి చేరడం నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఊహకందని సంగతి. ఆ బండి వచ్చి వెళ్లాక మళ్లీ వచ్చేదాకా చూసుకునేది మాత్రం ఆ కోడలే.

మా వీధి కోడలి తర్వాత ఇంకొందరు వచ్చారు. ఇప్పుడు నెలకోసారి అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక కూర్చుంటున్నాం. మంచం పట్టిన అత్తను చూసేవాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్న కొడుకును చూసేవాళ్లు, షుగర్‌తో కాలు తీసేసిన భర్తను చూసేవాళ్లు. ఊరి ఆశమ్మ వచ్చి అందరికీ బీపీ చూస్తుంది. అందులో ఒకాయన భార్యను చూసుకుంటున్నాడు. మొదట గుమ్మం దగ్గరే నిలబడేవాడు, ఇప్పుడు డైపర్ ఎలా కట్టాలో కొత్తగా వచ్చిన వాళ్లకు ఆయనే చూపిస్తున్నాడు. ఒక రాత్రికి ఒకరి ఇంట్లో ఇంకొకరు పడుకుని, ఆ ఇంటి మనిషిని నిద్రపోనివ్వాలని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. ఒక్కటే గట్టి మాట పెట్టుకున్నారు: ఆ రాత్రి నిద్రపోయే మనిషి ఇంట్లో వేరే పని పెట్టుకోకూడదు.

మహిళా సంఘం వాళ్లు పొదుపు డబ్బులోంచి ఒక గాలి పరుపు కొన్నారు. అవసరం ఉన్న ఇంటికి ఇస్తారు, తీరాక కడిగి, ఎండబెట్టి తిరిగిస్తారు. ఒక నోటు పుస్తకంలో తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ రాస్తున్నారు. ఇప్పుడు అది ఎస్సీ కాలనీలో ఉంది, దాని కోసం ఇంకో రెండిళ్లు చూస్తున్నాయి. రెండో పరుపుకు పంచాయతీని అడగాలని, ఇవ్వకపోతే మిరప అమ్మిన డబ్బులొచ్చాక తలా కొంత వేసుకోవాలని పోయిన నెల అనుకున్నాం.